శవం నవ్వాలి

తెలుగు చిత్రసీమలో పాటించే ధర్మాలు తక్కువే గాని, ఒక్కదాన్ని మాత్రం ఎవరూ తప్పరు. శవంగా నటించినవారు షాట్ కాగానే కళ్ళు తెరిచి కెమెరాను చూసి నవ్వాలి. ఆ నవ్వునూ చిత్రీకరిస్తారు, ఎక్కడా వాడరు. నవ్వకపోతే ఆ మనిషికి ఆయుక్షీణం. నిర్మాతకు అంతకంటే ఘోరం.

కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు హెలెన్ పధ్నాలుగేళ్ళలో ముప్పైయొక్కసార్లు చచ్చి, ముప్పైయొక్కసార్లూ లేచి నవ్వింది. శవంలా పడున్నా లేచి నవ్వమని ఎవరూ అడగనిది ఒక్క జైల్లోనే.

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దింట షూటింగ్ జరిగిన రోజు ఆ ఇంటావిడ హారం కనబడలేదు. అక్కడున్న అరవైమందిలో దొంగ ఎవరో పోలీసులు ఒక్క చూపులో పసిగట్టారు. ఆ రోజు హెలెన్ వేసింది పనిమనిషి వేషం మరి. పదకొండు నెలల తరవాత హారం ఆవిడ జిమ్ సంచీలోనే దొరికింది. అన్నాళ్ళూ ఆ సంచీ తెరవలేదంటే, వ్యాయామం మీద ఆవిడ శ్రద్ధ ఎంతటిదో ఊహించవచ్చు.

జైల్లో హెలెన్ నిద్రపట్టక, లాయరు ఎప్పుడొస్తాడని అడిగింది. మాత్ర ఇచ్చారు. పక్కనున్నామె పిల్లల్ని చూడాలని ఏడ్చింది. మాత్ర ఇచ్చారు. ఒకామె అన్నంలో పురుగుందని గొడవ పెట్టుకుంది. ఆమెకు రెండు. ఒక్కో మనసును పరీక్షించడానికి డాక్టరుగారికి అర నిమిషం పట్టేది, పేరడగడంతో కలిపి. రోజూ సాయంత్రం ఆరింటికి వరసలో నిలబెట్టి, మింగాక నాలుక ఎత్తించి చూసేవారు. ఏడింటికల్లా బ్యారక్ నిశ్శబ్దం. తనిఖీకి వచ్చిన పెద్దలు ఖైదీల మానసిక ఆరోగ్యం ప్రశంసనీయమని పుస్తకంలో రాసి, టీ తాగి వెళ్ళారు.

విడుదలనాడు ఆమె చీర, ఉంగరం తిరిగి ఇచ్చారు. మాత్రలు ఇవ్వలేదు, మానే దారీ చెప్పలేదు. ఒక ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ చెప్పినట్టు సగం, పావు, పావులో సగం అంటూ మానడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పటికి తొంభై రోజులుగా తన నిద్ర తను పోతోంది. మిగిలింది కుడిచేతి వణుకొక్కటే.

అప్పుడొచ్చింది ఏజెంటు బాలమణి. "ఆడోళ్ళ జైలు సినిమా హెలెనమ్మా. గందుల నువ్వు సచ్చిపోవాలె. క్లోజప్."

"జైల్లోనా?"

"ఏంది, జైలు ఎరగనట్టు అడుగుతున్నవ్?"

ఫిల్మ్‌నగర్‌లో జైలు సెట్టు వేశారు, అసలు జైలుకంటే శుభ్రంగా. మంచం మీంచి జారిన శవం చెయ్యి మొత్తం వ్యవస్థకే ప్రతీక అని దర్శకుడు సృజన్ సెలవిచ్చాడు. నాలుగు టేకుల్లోనూ ఆ ప్రతీక వణికింది.

సృజన్ తన సంచీలోంచి మాత్రల అట్ట తీశాడు. "సగం వేసుకోండి ఆంటీ. నేను రోజూ వేసుకుంటా, స్ట్రెస్."

హెలెన్ అట్టను గుర్తుపట్టింది. అదే మాత్ర. జూబ్లీహిల్స్‌లో దాని పేరు ప్రశాంతత, జైల్లో క్రమశిక్షణ.

"వద్దండీ. చెయ్యి దుప్పటి కింద పెట్టుకుంటాను."

"చెయ్యే కదా ఆంటీ షాట్. సగమేగా."

"జైల్లోనూ ఒక్కటేగా అనే మొదలెట్టారండీ."

బాలమణి పక్కకు లాగింది. "సగం గోలీకి గింత లొల్లా? క్లోజప్ మల్ల రాదు."

"మానడానికి ఏడు నెలలు పట్టింది బాలమణీ. క్లోజప్ పోతే పోయింది."

వేషం పద్మప్రియకు వెళ్ళింది. తెల్లవారుజామున ఇంకో షూటింగు ముగించుకుని, తిండి లేకుండా వచ్చి ఖైదీల గుంపులో నిలబడ్డ పిల్ల. ఆమెకు వణుకు లేదు. అయినా దర్శకుడు ముందుజాగ్రత్తగా మాత్ర మొత్తం ఇచ్చాడు. జైలు డాక్టరుగారిదీ ఇదే ముందుచూపు. లైట్లు సర్దేసరికి ముప్పావుగంట.

షాట్ అద్భుతం. చప్పట్లు మోగాయి.

"లేచి నవ్వమ్మా," అన్నాడు సృజన్.

శవం లేవలేదు. భుజం పట్టి కుదిపినా లేవలేదు. సృజన్ మొహం పాలిపోయింది. "నవ్వకపోతే ఎలా? ప్రొడ్యూసర్‌కి తెలిస్తే నా పనయిపోతుంది."

హెలెన్ వచ్చి ఆ పిల్లను పక్కకు ఒత్తిగిల్లించి, ఊపిరి చూసింది. బ్యారక్‌లో నేర్చిన విద్య. "కారు పిలు బాలమణీ. డాక్టరుకు చూపిద్దాం."

"రెండు సెకన్లు నవ్వించండి ఆంటీ, తరవాత తీసుకెళ్దురు."

"మమ్మల్ని పదకొండు నెలలు ఇలాగే పడుకోబెట్టారు బాబూ. అప్పుడు ఎవరికీ అరిష్టం అనిపించలేదు."

బంజారాహిల్స్ ఆసుపత్రి దారిలో, సిగ్నల్ దగ్గర పద్మప్రియ రెప్పలు సగం ఎత్తింది.

"షాట్ ఓకేనా అక్కా?"

"ఓకే. పడుకోకు, మాట్లాడుతూ ఉండు."

"నవ్వాలిగా. రావట్లేదక్కా."

"రాకపోతే వద్దులే."

ఆ పిల్ల చేతిని హెలెన్ కుడిచేత్తో పట్టుకుంది. అది ఆగకుండా వణుకుతూనే ఉంది. ఆసుపత్రి గేటు దాకా ఆ పిల్లను కళ్ళు మూయనివ్వలేదు.