ఊరికంటే పెద్దవాళ్ళం

మేం తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు, 1969లో, ప్రత్యేక తెలంగాణ కావాలని బడులు బందయ్యాయి. గోదావరిఖనిలో మా బడి ఆడపిల్లలం కూడా ఊరేగింపు తీయాలనుకున్నాం. ఎవరెవరు నడవాలో తేల్చడానికి బడి వెనక రేకుల షెడ్డులో కూచున్నాం.

తేల్చాల్సింది నిజానికి ఒక్కరి సంగతే. నా పక్కన కూచున్న నా స్నేహితురాలిది. వాళ్ళ నాన్న కోస్తా వైపు నుంచి వచ్చి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. ఆదివారం చర్చికి పోయే కుటుంబం. ముందు రోజే ఆమె నాతో అంది: "నన్ను వద్దంటే ఇంక బడికే రానే."

మా క్లాసు లీడరుది మంథని. తండ్రి బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమాస్తా. మొహం మీద వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. అందుకని ఒక నియమం పెట్టింది.

"ఎవరి తాత ఈ ఊర్ల పుట్టిండో వాళ్ళే నడవాలె. అసొంటోళ్ళు గిటు రాండ్రి."

ఒక్కరూ కదల్లేదు.

మేం పుట్టేనాటికి ఆ ఊరే లేదు. బాయిలు తవ్వాక కాలనీలు లేచాయి. మా నాయినకు బెల్లంపల్లి నుంచి బదిలీ అయితే, లారీలో మంచాల మీద కూచుని వచ్చింది నాకు గుర్తే. మిగతావాళ్ళూ అట్లా వచ్చినవాళ్ళే.

"లీడరమ్మా, మీ తాత ఏడ పుట్టిండు?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"మంథనిల."

"అయితే నువ్వు గూడ ఇంటికే పో!"

షెడ్డంతా నవ్వింది. లీడరు మొహం ఎర్రబడింది. "గట్ల కాదే, తెలంగాణల అంటున్న."

అప్పుడు నా స్నేహితురాలు లేచింది. "మా తాత తెలంగాణల పుట్టలే. మా నాన్న మాత్రం రోజూ మీ నాయినల పక్కనే బాయి దిగుతడు. పైకప్పు కూలితే ఏ ఊరోడో చూసి కూలుతదా? నేను మీతోనే పెద్దగయిన. ఈడ కాకపోతే నాకు ఇంకేడుంది ఊరు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నీ గొంతు పెద్దది. ముందు నడువు. నినాదాలు నువ్వే ఇయ్యాలె," అంది లీడరు.

మేం బాయి గేటు దగ్గరికి చేరేసరికి పొద్దటి షిఫ్టు వదిలారు. మసి మొహాల మధ్య వాళ్ళ నాన్న కనిపించాడు. కూతురు ముందు వరుసలో ఉండటం చూసి ఆగిపోయాడు. ఇంటికి లాక్కుపోతాడనుకున్నా. ఆయన టోపీ తీసి చేత పట్టుకుని, మా వరుసలన్నీ దాటేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఆమె గొంతు ఇంకా పెరిగింది. మేం దానికి తగ్గట్టు అరిచాం.

అడిగిన రాష్ట్రం అప్పుడు రాలేదు. అయినా ఆ మధ్యాహ్నం గెలిచామనే ఇళ్ళకు పోయాం. ఇప్పటికీ నా లెక్క అదే.

మొన్న నా స్నేహితురాలిని సమాధి చేసిన రోజు, చర్చిలో పాస్టరు, "ఆమె సొంతవాళ్ళెవరైనా రెండు మాటలు చెప్పండి" అన్నాడు. ముందు బెంచీలో ఆమె కొడుకు లేవబోయాడు. అంతలోనే వెనక బెంచీలో ఆనాటి షెడ్డువాళ్ళం ఆరుగురం లేచి నిలబడ్డాం. అందరికంటే ముందు లేచింది మంథని ఆమె.