దొరసాని రెండోసారి మా గడప దాటిన సాయంకాలం

సహోదరులారా, సహోదరీలారా, మనల్ని ఇంతవరకు నిలబెట్టిన ప్రభువు పేరున మీకందరికీ నా వందనాలు. ఏలూరు ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పే కరుణమ్మ మీలో చాలామందికి తెలుసు, కానీ ఈ కరుణమ్మ కాలేజీ గుమ్మం ఎలా ఎక్కిందో తెలిసినవాళ్ళు కొద్దిమందే. ఆ సంగతి చెప్పబోతే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ రోజు దేవుడు చేసిన మేలు మేలులా కనబడలేదు, మా పరువంతా కళ్ళ ముందే కూలిపోయినట్టు కనబడింది!

మాది కొల్లేటి నడుమ ఒక చిన్న లంక. నాన్న మా పేట పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఆదివారం ప్రార్థన నడిపించేవారు. ఒక వానాకాలం చలిజ్వరం వచ్చి ఆయన వెళ్ళిపోయారు. ఆ తరువాత మా అమ్మ సువార్తమ్మ మొలలోతు నీళ్ళలో దిగి తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు అల్లి, ఊడ్పులకు వెళ్ళి, కోతలకు వెళ్ళి నన్ను పెంచింది. మిషను వారి దయవల్ల ఏలూరు బోర్డింగులో ఉండి స్కూలు ఫైనలు పాసయ్యాను. నాకు లెక్కలంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో పై తరగతుల ఆడపిల్లలకు లెక్కలు చెప్పే ఆడమనిషే లేదు, అందుకని చాలామంది లెక్కలు వదిలేసి కుట్టుపని తీసుకునేవారు. నేను యూనివర్సిటీ డిగ్రీ దాకా చదివి వచ్చి ఆ పిల్లలకు లెక్కలు చెప్పాలని నా ఆశ. మద్రాసులో ఆడపిల్లల కాలేజీ వారు సీటు ఇస్తామన్నారు. అయితే ఆ కాలేజీ ఫీజు, ఆ హాస్టలు ఖర్చు మా అమ్మ జన్మంతా చాపలు అల్లినా తీరేవి కావు. పూట గడవని ఇళ్ళ పిల్లల చదువుకని మిషను వారి సహాయం ఒకటి ఉండేది. దానికి దరఖాస్తు పెట్టాను. అది వస్తే మద్రాసు, రాకపోతే సీటు పోతుంది, నేనూ అమ్మ పక్కన తుంగ కోతకు దిగాలి. రెండే దారులు!

నన్ను చిన్నప్పటినుంచి ఎరిగిన బోర్డింగు దొరసాని అప్పటికి సెలవు మీద తన దేశం వెళ్ళిపోయారు. వారి స్థానంలో వచ్చిన కొత్త దొరసానీ, తాడేపల్లిగూడెంలో ఉండే, ఆ సహాయం ఇచ్చే కమిటీ సెక్రటరీగారూ కలిసి మా ఇంటి పరిస్థితి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. నేను సంతోషించాను, చూస్తే చాలు కదా అనుకున్నాను. అమ్మ మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది.

"దొరసానిగారు మనింటికొస్తారంటే! ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టనే తల్లీ? పీటైనా లేదు కదే!"

"అమ్మా, మనం సాయం అడుగుతున్నాం. ఉన్నట్టుగా చూడనీ."

"సాయం అడిగితే మాత్రం? ఇంటికొచ్చిన మనిషిని తడినేల మీద కూర్చోబెట్టి మా బతుకు ఇదండీ అని చూపిస్తామా? మీ నాన్న ఉంటే ఊరుకునేవారా?"

సహోదరులారా, మా పేటలో ఒక ఇంటికి పెద్దవాళ్ళు వస్తే అది పేటకంతా వచ్చినట్టే. ఎవరూ పిలవకుండానే అందరూ కదిలారు. మా పక్కింటి యేసోబు మామ ఓడెక్కి సముద్రం దాటి రంగం పట్నం వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి వచ్చిన మనిషి, ఆయన రెండు టేకు కుర్చీలు, పింగాణీ కప్పులు, అద్దం మీద ఎర్ర నెమలి బొమ్మ ఉన్న గోడ గడియారం మోసుకొచ్చి మా మట్టిగోడకు మేకు కొట్టి తగిలించాడు. ఒకరు పట్టెమంచం తెచ్చారు, ఒకరు ఇత్తడి బిందె తెచ్చారు, యేసోబు మామ భార్య మార్తమ్మత్త తన పెళ్ళి చీర తెచ్చి అమ్మకు కట్టింది. చివరికి ఎవరో పాడిగేదెను కూడా తోలుకొచ్చి మా వాకిట్లో కట్టేశారు!

"గేదె ఎందుకు మామా?" అన్నాను.

"ఊరుకోవే పిల్లా, పాడి లేని వాకిలి బోసిగా ఉంటుంది. దొరసానమ్మ మన పేట గురించి ఏమనుకుంటుంది? ఆ గడియారం మాత్రం ముట్టుకోకండి, దానికి కీ నేనే ఇవ్వాలి."

వారు పడవ దిగారు. దొరసానిగారు నెమ్మదైన మనిషి, వచ్చీరాని తెలుగులో అందరినీ పలకరించారు. సెక్రటరీగారు చేతిలో గొడుగు, ముక్కు మీద కళ్ళజోడు, ప్రతిదీ నిదానంగా చూసే మనిషి. కుర్చీలు చూశారు, కప్పులు చూశారు, గడియారం దగ్గర నిలబడి, "ఇలాంటిది ఎక్కడో చూశానే" అన్నారు. బాతుకూర వడ్డిస్తుంటే, "గేదె పాలు బాగా ఇస్తుందామ్మా?" అని అడిగారు. అమ్మ నావైపు చూసింది. తలుపు వెనకనుంచి యేసోబు మామ, "నిండుగా ఇస్తుందండీ! పొంగి పోతుందండీ!" అన్నాడు. దొరసానిగారు నవ్వారు. సెక్రటరీగారు నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా రేవులో పడవ ఎక్కబోతూ ఆయన అమ్మతో అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"అమ్మా, మీ మర్యాదకు చాలా సంతోషం. కానీ ఈ సహాయం పూట గడవని వాళ్ళకమ్మా. మీకు దేవుడు బాగానే ఇచ్చాడు. మీ అమ్మాయిని మీరే చదివించుకోండి."

నా కాళ్ళ కింద రేవు కదిలిపోయినట్టయింది! నోరు తెరిచి, అవన్నీ మావి కావండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది, కానీ ఎలా అనను? పేట అంతా రేవులో నిలబడి ఉంది, అమ్మ ఒంటి మీద మార్తమ్మత్త చీర ఉంది, అతిథుల ముందు ఆ చీర నాది కాదని అమ్మ చేత చెప్పించనా? పడవ వెళ్ళిపోయింది.

నేను ఇంటి వెనక్కి పరుగెత్తి, తుంగకట్టల మధ్య మోకరించి ఏడ్చాను. ఆ ప్రార్థన నాకు ఇంకా గుర్తుంది. "ప్రభువా, వాళ్ళు మా ఇల్లు చూడటానికి వచ్చి మా ఇల్లు చూడకుండానే వెళ్ళిపోయారు. చెబుదామంటే మా అమ్మ తల వంగిపోతుంది, చెప్పకపోతే నా చదువు పోతుంది. నాకు దారి తెలియడం లేదు తండ్రీ. నీకు తెలిస్తే నువ్వే చెయ్యి." అంతే. ఇంకేమీ అడగడం నాకు చేతకాలేదు.

నేను లేచి లోపలికి వచ్చేసరికి ఎవరి సామాను వాళ్ళు తీసుకుపోతున్నారు. కుర్చీలు పోయాయి, మంచం పోయింది, బిందె పోయింది, గేదెను విప్పుకుపోయారు. అమ్మ చీర విప్పి మడతపెట్టి ఇచ్చేసి, తన అతుకుల చీర కట్టుకుంది. దొరసానిగారు వచ్చారని పేట పిల్లలందరికీ కూర పంచేయడంతో మాకు కుండలో గంజి తప్ప మిగల్లేదు. యేసోబు మామ గడియారం దింపుతూ, "ఏమన్నారే వాళ్ళు?" అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన మేకు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే, సహోదరులారా, పడమటి గాలి లేచింది! ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది, కొల్లేరు తెల్లగా నురగలు కక్కింది, తాటాకులు ఎగిరిపోతున్నాయి, వాన ఏటవాలుగా కొడుతోంది. రేవులో కేకలు. "పడవ తిప్పేశాడర్రా! వస్తున్నారు, వెనక్కొస్తున్నారు!" అని ఎవరో అరిచారు. నడిపేవాడు ఎదురుగాలికి ముందుకు పోలేక మా లంకకే మళ్ళించాడట. తడిసి ముద్దయిపోయిన దొరసానిగారూ, విరిగిన గొడుగుతో సెక్రటరీగారూ తమకు తెలిసిన ఒక్క ఇంటికి, మా ఇంటికి పరుగెత్తుకొచ్చి గడప దాటి లోపలికి వచ్చేశారు.

వచ్చి, ఇద్దరూ నిలువునా ఆగిపోయారు.

కుర్చీ లేదు. మంచం లేదు. గోడ మీద మేకు ఊడిన బొక్క ఉంది. ఒక మూల ఇంటి కప్పులోనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, దాని కింద మట్టిచట్టి పెట్టి ఉంది. ఒక తుంగచాప, ఒక పొయ్యి, ఒక గంజికుండ. అతుకుల చీరలో మా అమ్మ గోడకు అతుక్కుపోయి, చేతులతో తనను తాను కప్పుకుంటోంది.

సెక్రటరీగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "క్షమించాలమ్మా, ఇల్లు తప్పి వచ్చినట్టున్నాం" అని వానలోకి వెళ్ళి, ఇంటి ముందు నిలబడి పైకీ కిందకీ చూసి, వాకిట్లో గేదె లేని గుంజ చూసి, తిరిగి వచ్చారు. అప్పటికి ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏమిటమ్మా ఇది? మమ్మల్ని మోసం చేశారా?"

అయిపోయింది, ఇప్పుడు సాయమూ పోయింది, మాటా పోయింది అనుకున్నాను. కానీ నా తల్లి, ఏనాడూ పెద్దవాళ్ళ ముందు గొంతు ఎత్తని నా తల్లి, గోడ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"మోసమైతే ఉన్నది దాచి లేనట్టు చూపించేవాళ్ళమండీ. మేము లేనిది తెచ్చి పెట్టుకున్నామండీ, మీరు మా ఇంటికి వచ్చారని. దానికే నా బిడ్డ చదువు పోయిందండీ. ఇంతకంటే ఏం శిక్ష వేస్తారు బాబుగారూ?"

అప్పుడు దొరసానిగారు, ఆ తడిసిన తెల్ల గౌనుతోనే, నీళ్ళు చిమ్మిన ఆ తుంగచాప మీద కూర్చున్నారు. కూర్చుని, చలికి వణుకుతూ, "సువార్తమ్మగారూ, ఆ కుండలో వేడిది ఏమైనా ఉంటే నాకు ఇవ్వండి" అన్నారు. అమ్మ ఏడుస్తూ గంజి పోసి ఇచ్చింది. సెక్రటరీగారు కూడా మెల్లగా చాప అంచున కూర్చుని గంజి గిన్నె అందుకున్నారు.

ఇంతలో, కేకలు విని గడియారంతోనే రేవుకు పరుగెత్తిన యేసోబు మామ తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడియారం తడవకుండా గోనెపట్టా కప్పి గుండెకు హత్తుకుని ఉన్నాడు, పట్టా కిందనుంచి ఎర్ర నెమలి కనబడుతోంది. సెక్రటరీగారు దానివంక చూస్తూ, "ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడు గుండుగొలను దగ్గర ఒక విధవరాలి ఇంట్లో చూశాను, అచ్చం ఇదే" అన్నారు.

"ఇదేనండీ" అన్నాడు యేసోబు మామ. "ఆవిడ మా చెల్లెలండీ. మీరు వస్తున్నారంటే పడవలో పెట్టి పంపానండీ. కుర్చీలు కూడా నావేనండీ."

సహోదరులారా, మనిషి ముఖం అలా మారడం నేను మరెక్కడా చూడలేదు! ఆ విధవరాలి కొడుకు రత్నం కూడా కాలేజీ చదువుకని ఇదే సహాయానికి దరఖాస్తు పెట్టాడట. ఈ సెక్రటరీగారే వెళ్ళి చూసి, గడియారం ఉన్న ఇల్లని కమిటీలో చెప్పి, వద్దనిపించారట.

"ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు?" అన్నారు.

"తాడేపల్లిగూడెంలో మిల్లులో బస్తాలు మోస్తున్నాడండీ. మీ ఊళ్ళోనేనండీ."

ఆయన గిన్నె పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, ఆ చాప మీదే మోకరించారు. మేమూ మోకరించాం. ఆయన చేసిన ప్రార్థన చిన్నది. "ప్రభువా, నీ పిల్లల ఇళ్ళకు వెళ్ళి గోడలు చూసి వచ్చాను, మనుషులను చూడలేదు. ఈ గాలితో నన్ను వెనక్కి లాక్కొచ్చావు. నన్ను క్షమించు. ఇంకా ఎన్ని ఇళ్ళలో ఇలా చేశానో నాకు తెలియదు, నాకు చూపించు." దొరసానిగారు ఆమేన్ అన్నారు. గుమ్మంలో యేసోబు మామ కూడా గడియారం పట్టుకునే ఆమేన్ అన్నాడు.

గాలి తగ్గాక వారు వెళ్ళిపోయారు. మర్నాడే సెక్రటరీగారు ఆ మిల్లుకు నడిచి వెళ్ళి, బస్తా మోస్తున్న రత్నాన్ని పేరు పెట్టి పిలిచారట. అతను ఏదో తప్పు చేశాననుకుని భయపడి బస్తా కింద పడేశాడట! ఆ ఏడు మా ఇద్దరికీ సహాయం వచ్చింది, అతను ఒక కాలేజీకి, నేను మద్రాసుకు. ఆ తరువాత కమిటీవారు ఏ ఇంటికీ ముందుగా కబురు పెట్టి వెళ్ళలేదు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఇదే ఏలూరులో ఆడపిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. దీనంతటికీ దేవునికే మహిమ, ఇందులో నా తెలివి గోరంత లేదు!

ప్రియమైనవారలారా, ఆ రోజు గాలి లేచినప్పుడు నేను దేవుణ్ణి మెచ్చుకోలేదు, ఎందుకిలా మమ్మల్ని పట్టిచ్చావు తండ్రీ అని లోలోపల మొరపెట్టాను. మేము దాచినదాన్ని బయటపెట్టే ఆయన మమ్మల్ని కాపాడదలచుకున్నాడని నాకెలా తెలుస్తుంది? మీలో ఎవరైనా ఇవాళ అలాగే గోడకు అతుక్కుని, చినుగు కప్పుకుంటూ నిలబడి ఉంటే, ఫీజు కట్టలేని బిడ్డ ముఖం చూడలేక ఉంటే, దయచేసి ఆయనను లోపలికి రానివ్వండి. ఇల్లు సర్దుకునేదాకా ఆగవద్దు. లోకం కుర్చీ కోసం వెతుకుతుంది గాని, మన ప్రభువు నీళ్ళు కారే ఇంట్లో, తడిచాప మీద, మన పక్కనే కూర్చుంటాడు. ఆమేన్.