మా టైలరు మాస్టారు చూపించింది దొంగ సరుకు కాదు

మా టైలరు మాస్టారు పోయిన నెలలో కన్నుమూశారు. ప్రత్తిపాడు నుంచి ఫోనొచ్చేసరికి నేను జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యం చూస్తున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద కాదు, తాడేపల్లి పెద్దమనిషి మీద. సంగతి చెబుతాను, మీరే తేల్చండి.

మాస్టారు వయసులో ఉండగా పటాలంలో బట్టలు కుట్టారు. ఊరికొచ్చాక జాకెట్లూ లాగులూ కుట్టి బతికినా మనసంతా పాత యుద్ధాల బట్టల మీదే. సైనికులు చెట్లలో కలిసిపోవడానికి వేసుకునే ఆకుపచ్చ, గోధుమ మచ్చల చొక్కాలు, టోపీలు ఎక్కడ దొరికినా తెచ్చి బీరువాలో పెట్టేవారు. నాకూ ఆ పిచ్చి అంటించింది ఆయనే. అందుకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

నేను ఢిల్లీ నుంచి తెప్పించిన మొదటి చొక్కా చూసి పడీ పడీ నవ్వారు. జేబు మూత పైకెత్తి, “ఒరేయ్, ఎండ తగలని చోట కూడా రంగు వెలిసిందంటే అర్థమేంటి? టీ నీళ్లలో ముంచి తీశారు. నీకు అమ్మినోడు కాఫీ హోటలోడై ఉంటాడు” అన్నారు. దారం పోగు ఒకటి లాగి అగ్గిపుల్ల అంటించారు. నూలైతే బూడిదవుతుంది. అది కరిగి నల్లటి ఉండ కట్టింది. మిర్చి సీజనులో మాత్రం ఏ బట్టనూ పరీక్షించేవారు కాదు. “ఈ ఘాటులో ముక్కు పనిచెయ్యదు. పాత బట్టకి సగం సాక్ష్యం వాసనేరా” అనేవారు.

ఆయన ప్రాణమంతా ఒక చొక్కా మీద ఉండేది. డెబ్బై ఒకటి యుద్ధంలో పక్క ఊరి సైనికుడు తొడుక్కున్నది. అతను పోయాక భార్యే తెచ్చి ఇచ్చింది. అప్పుడు నేను కొట్లోనే ఉన్నాను. చొక్కా తళతళలాడుతోంది.

“చెమట బట్ట అట్టాగే ఎట్టా ఇస్తానన్నయ్యా? సబ్బుపొడిలో రెండుసార్లు నానబెట్టి ఉతికా” అందామె.

ఇల్లు దాటే బట్ట మురికిగా ఉంటే మా వైపు ఆడవాళ్లకి తలవంపు. యుద్ధం నాటి మట్టీ చెమటా తూములో కలిసిపోయాయని ఆమెకేం తెలుసు? మాస్టారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. “మంచి పని చేశావమ్మా” అన్నారు.

గుంటూరులో పాత వస్తువుల ప్రదర్శన పెడితే ఆ చొక్కా తీసుకెళ్లాం. ఆమె కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఇలాంటి సేకరణలో పేరున్న తాడేపల్లి పెద్దమనిషి, దొంగనోట్లు పట్టే ఊదా లైటు తెచ్చాడు. హాల్లో దీపాలు తీయించి దాన్ని చొక్కా మీద వేశాడు. చొక్కా నీలంగా మెరిసింది.

“ఆ కాలం నూలు మెరవదండీ. ఇది ఈమధ్య తయారైన నైలాను సరుకు. టైలరు కదా, ఇంట్లో కుట్టుకున్నాడు” అన్నాడు మైకులో. జనం నవ్వారు.

మెరిసింది నూలు కాదు, సబ్బుపొడి. తెల్లదనం కోసం ఇప్పటి పొడుల్లో కలిపే మందు ఆ లైటుకి మెరుస్తుంది. మాస్టారికి తెలుసు, నాకూ తెలుసు. నేను లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

“తను ఉతకబట్టే మొగుడి చొక్కా దొంగదయిందని ఆమెకి తెలియాలా? నోర్మూసుకో.”

“పోనీ పోగు కాల్చి చూపించండి మాస్టారూ.”

“అడిగినోడికల్లా పోగు లాగి చూపిస్తా పోతే చొక్కా మిగలదురా.”

ఆ తర్వాత పరీక్ష కోసం ఆయన దగ్గరికి ఎవరూ బట్ట తేలేదు. పెద్దమనిషి మాత్రం ప్రతి సభలోనూ ఈ కథే చెప్పుకుని నవ్వించాడు. పోయినేడు ఆమె చనిపోయింది. ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ అన్నాను. “చచ్చిపోయినామె మీదకి నెట్టమంటావా?” అని మళ్లీ మిషను తొక్కుకున్నారు. ఆయన మంచివాడు. నేను అంత మంచివాణ్ణి కాదు.

పెద్దకర్మ రోజు పెద్దమనిషి దండతో వచ్చాడు. ఫొటోకి వేసి, “పోయినవాళ్ల తప్పులు మనం మర్చిపోవాలి” అన్నాడు. వస్తాడని తెలిసే మిల్లు క్యాషు కౌంటర్లోని ఊదా లైటు సంచిలో పెట్టుకొచ్చాను. చొక్కా తగిలించిన గదిలోకి ఆయన్ని మర్యాదగా పిలిచాను. వెనకే పాతికమంది వచ్చారు.

“మీ లాల్చీ ఏం బట్టండీ?” అన్నాను.

“ఖద్దరు. చేత్తో వడికిన నూలు. ఇంకోటి ఒంటికి తగలనివ్వను.”

తలుపులు మూయించి లైటు ఆయన మీద వేశాను. మెడ నుంచి మోకాళ్ల దాకా లాల్చీ నీలంగా భగ్గుమంది.

“నైలానాండీ?”

వెనక నుంచి ఒక పెద్దాయన, “అది సబ్బుపొడి కదరా, నా పంచె కూడా మెరుస్తా ఉంది చూడు” అన్నాడు. పెద్దమనిషి గోడనున్న చొక్కా వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. అర్థమైంది. అందరికీ అర్థమైంది.

“లైటు తీసెయ్ బాబూ” అన్నాడు చిన్నగా.

మాస్టారైతే తీసేసేవారు. నేను బ్యాటరీ అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.