కట్టకు ఒక్క స్తోత్రం

పోయిన సోమవారం కోరుట్ల నుంచి జగిత్యాలకు వెళ్లే బస్సులో ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్లో చాట, చాట మీద తడిగుడ్డ. బస్సు కదలగానే కిటికీ గాలికి గుడ్డ అంచు లేచి తంబాకు వాసన గుప్పుమంది. ముందు సీటులో కూర్చున్నాయన దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఆమె గుడ్డ సర్దుకుని చాటను కడుపుకు దగ్గరగా జరుపుకుంది. నాకు మాత్రం ఆ వాసనతో పాటే నోట్లోకి ఒక మాట వచ్చింది, స్తోత్రం. మందిరంలో మైకు పెట్టి గంటసేపు పాడినా నాకు రాని మాట అది. తంబాకు వాసనకు వస్తుంది. అందుకు కారణం రాజవ్వ.

రాజవ్వ మీకు తెలియదు. కోరుట్లలో మా అమ్మవాళ్ల ఇంటి గోడ, ఆమె ఇంటి గోడ ఒకటే. బాప్తిస్మంలో రాహేలు అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆమె తిరిగి చూసేది కాదు. చిన్నతనం నుంచి బీడీలు చేసింది. చదువు రాదు. మా సంఘంలో చదువుకున్నవాళ్లు ఉపవాస ప్రార్థన రోజున చిన్న పుస్తకం పట్టుకుని వెయ్యి స్తుతులు చదివేవాళ్లు. తనకు చదువు రాదు కాబట్టి రాజవ్వ ఇంకో దారి చూసుకుంది. బీడీకి ఒక స్తోత్రం. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం వేసేటప్పుడు ఒక్కసారి స్తోత్రం అనేది. వెయ్యి బీడీలు అయ్యేసరికి వెయ్యి స్తుతులు. పుస్తకం వాళ్లు నెలకు ఒకసారి చదివితే, ఆమెది రోజూ అయ్యేది.

ఆమెను నేను నిజంగా ఎరిగింది మాత్రం నా భర్త పోయిన రోజున. ప్రభాకర్‌ది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. వాటి మీద పనిచేసేవాడు. ఆదివారం సంఘంలో కంజీర కొట్టేవాడు. తొమ్మిదేళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా కొట్టాడు. తర్వాత సాంచాలు ఆగిపోయాయి. ఒక నెల అన్నారు, రెండు నెలలు అన్నారు. ఇంట్లో అంత నిశ్శబ్దాన్ని నేను ఎప్పుడూ వినలేదు. ఒకరోజు ప్రభాకర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకంటే వివరం రాయను.

మా సిరిసిల్ల పాస్టరు వచ్చాడు. లేత నీలం చొక్కా వేసుకున్నాడు, జేబు దగ్గర సిరా మరక ఉంది. గడప దాటలేదు, చెప్పులు విడవలేదు. "ఇసొంటి సావుకు మనం ప్రార్థన చెయ్యం సిస్టర్. నేను చేస్తే రేపు సంఘం నన్నడుగుతది" అన్నాడు. కంజీర ఎక్కడుందని కూడా అడిగాడు. అది సంఘానిది. నేను లోపలికి వెళ్లి గోడకున్న కంజీర తీసి ఆయన చేతికిచ్చాను. అది పట్టుకుని ఆయన వీధి మలుపు తిరిగేదాకా దాని గజ్జెల చప్పుడు వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తుంది.

గుంత తవ్వింది ప్రభాకర్‌తో పనిచేసిన నలుగురు. వాళ్లు మా విశ్వాసం వాళ్లు కాదు. పెట్టెను దింపే ముందు వాళ్లలో పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "మీ తరఫున ఏమన్న చదువుతరా చెల్లె?" అని మెల్లగా అడిగాడు. చదివేవాళ్లు ఎవరూ లేరు. సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. నేను తల వంచుకున్నాను. అప్పుడు, మా అమ్మతో పాటు కోరుట్ల నుంచి బస్సులో వచ్చిన రాజవ్వ ముందుకు నడిచింది. కొంగు తల మీదికి లాక్కుంది. తంబాకుతో నల్లబడిన చేతులు జోడించింది.

"ప్రభువా, గీ పిలగాడు తెగిన పోగును కండ్లు మూస్కొని అతికేటోడు, స్తోత్రం. నేను సిరిసిల్లకు అచ్చినప్పుడల్లా బస్టాండుకు ఎదురొచ్చి నా సంచి అందుకునేటోడు, స్తోత్రం. పెండ్లాం మీద ఎన్నడు చెయ్యి లేపలే, స్తోత్రం. కంజీర కొడితే ముసలోళ్ల కాళ్లు గూడ ఆడేటియి, స్తోత్రం. నాకు గింతే ఎరుక. కడమది నువ్వు చూస్కో."

అంతే ప్రార్థన. ఆ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చాక, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఇలాంటి చావుకు స్తోత్రం ఎట్లా చెప్పావని ఆమెను నిలదీశాను. ఆమె వాకిట్లో కూలబడింది. తర్వాత, "సావుకు చెప్పలే బిడ్డా. ప్రభాకర్‌ను ఇచ్చినందుకు చెప్పిన. ఎవలన్న ఒకలు చెప్పాలె గద, గట్లనే మట్టి పొయ్యనిస్తమా?" అంది.

నెల తిరక్కుండా కోరుట్లకు వచ్చేశాను. రాజవ్వ పక్కన కూర్చుని బీడీలు చేయడం మొదలుపెట్టాను. ఆమె బీడీకి ఒక స్తోత్రం అంటుంటే నేను బీడీకి ఒక ఫిర్యాదు అనుకునేదాన్ని. ఆ నీలం చొక్కా మీద ఒకటి, సాంచాలు ఆపినవాళ్ల మీద ఒకటి, చావుకు రాని ఒక్కొక్కరి మీద ఒక్కొక్కటి. నోరు మెదుపుతున్నానని నాకే తెలియదు. ఒకరోజు ఆమె చెయ్యి ఆపి, "ఏమంటున్నవే?" అని అడిగింది. ఫిర్యాదు చేస్తున్నానన్నాను. ఎవరి మీద అంది. అందరి మీదా అని, కత్తెరతో పైకి చూపించి, ఆయన మీద కూడా అన్నాను.

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. "చెప్పు, చెప్పు. ఆయన చెవి కార్ఖాన తలుపు గాదు, టైం గాంగనే మూసుటానికి. కని కట్టకు ఇరువై నాలుగు నీయి, ఒక్కటి ఆయనది. ఇరువై అయిదో బీడీకి ఒక్క స్తోత్రం పెట్టు."

"అబద్ధం స్తోత్రం పెట్టుమంటవా అవ్వా?"

"అబద్ధం అద్దు. నిజమైంది దొరికేదాంక కట్ట కట్టకు."

ఆమె మాటను పరీక్షించడానికే ఒప్పుకున్నాను. మొదటి రోజు ఇరవై అయిదు బీడీలు ఒడిలో పడి ఉన్నాయి, కట్ట కట్టలేదు. ఎంత వెతికినా నిజమైనది ఒక్కటి దొరకలేదు. కార్ఖానాలో బీడీలు తీసుకునే వేళ దగ్గరపడుతోంది. అమ్మ నన్ను తిట్టింది, రాజవ్వను కూడా తిట్టింది. రాజవ్వ తలెత్తలేదు. చివరికి నేను, మొన్న సాన పట్టించిన కత్తెర బాగా తెగుతోంది, స్తోత్రం, అన్నాను. ఎగతాళికే అన్నాను. "గదే. గంతే" అంది ఆమె. దారం చుట్టాను. మర్నాడు ఎగతాళి కొంచెం తగ్గింది. నీళ్లు త్వరగా కాగాయి. అమ్మ నన్ను తిట్టడం మరిచిపోయింది. ప్రభాకర్ కలలోకి రాలేదు. అలాంటివే దొరికేవి. పెద్దవి ఎప్పుడూ దొరకలేదు.

ఆ రోజుల్లోనే కోరుట్ల సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. ఆయన మాట మా దిక్కుది కాదు. ఆదివారం స్తుతి చెప్పడానికి ఎప్పటిలాగే రాజవ్వ లేవబోతే చేత్తో సైగ చేసి కూర్చోబెట్టాడు. తర్వాత అందరి ముందు, "మనుషుల ఊపిరితిత్తులు పాడుచేసే వస్తువు మీద దేవుని నామం పలకడం అపవిత్రం అమ్మా. ఆ పని మానేసి రండి, అప్పుడు చెప్పొచ్చు" అన్నాడు. ఆ మందిరంలో కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది బీడీలు చేసేవాళ్లే. ఎవరూ నోరెత్తలేదు. ఎవరెవరు ఏ వరుసలో కూర్చున్నారో చెప్పమంటే ఇవాళ కూడా చెప్పగలను.

నేను ఇంటికి వచ్చి రెండు పేజీల అర్జీ రాశాను. నా జీవితంలో మొదటి అర్జీ అది. తీసుకెళ్లి సంఘ పెద్దల చేతికే ఇచ్చాను. జవాబు రాలేదు. తర్వాతి ఆదివారం చూస్తే, మైకు పెట్టే బల్ల ఊగకుండా దాని కాలు కింద నాలుగు మడతల కాగితం దోపి ఉంది. నా రాతను నేను గుర్తుపట్టనా?

రాజవ్వతో చెప్తే కోపం తెచ్చుకోలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. "ఆయనన్న దాంట్ల సగం నిజమున్నది బిడ్డా" అంది. రోజూ మొదటి బీడీకి తాను స్తోత్రం చెప్పనని, మాఫీ అడుగుతానని ఆరోజే చెప్పింది. తాను చేసింది తాగి ఎవరు ఎక్కడ దగ్గుతున్నారో తనకు తెలియదని, తెలియకపోయినా ఆ దగ్గు తనదేనని అంది. చేతులకు వేరే పని రాదు, ఈ వయసులో నేర్పేవాళ్లు లేరు. "మాఫీ అడుగుమంటే అడుగుత. నోరు మూస్కొమ్మంటే మాత్రం మూస్కోను. ఎన్క కూసోని అంట." అన్నట్టే వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుంది. పాస్టరు ముందు నుంచి స్తుతి చెప్తే, ఆమె వెనక నుంచి మెల్లగా తనది తాను చెప్పుకునేది. ఆరోజు మాటలయ్యాక లేచేముందు నా వైపు తిరిగి, "నీకు ఫిర్యాదు మంచిగ రాసుడు అస్తది. బల్ల కాలు కిందికి ఎందుకు, రాయరానోళ్లకు రాసియ్యి" అంది. అప్పటినుంచి జగిత్యాలలో ఆఫీసుల ముందు కూర్చుని అర్జీలు రాస్తున్నాను.

ఆమె దగ్గు ఎప్పుడూ తగ్గలేదు. తర్వాత రక్తం పడింది. జగిత్యాల ఆసుపత్రిలో చేర్చేనాటికి ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువని చెప్పారు. సంఘంలో ఒకామె నేను వినేటట్టే, చేసిన పని ఊరికే పోతుందా అంది. ఆమె పేరు రాయను, మరిచిపోయానని మాత్రం అనుకోవద్దు.

రోజూ పొద్దున అర్జీల పని మొదలయ్యే ముందు ఆసుపత్రికి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆమె వేళ్లు దుప్పటి మీద కదులుతున్నాయి. ఆకు లేదు, తంబాకు లేదు, దారం లేదు. అయినా చుడుతోంది, మడుస్తోంది. పెదవులు మాత్రం కదలడం లేదు. నన్ను చూసి, "దమ్ము సాల్తలేదు బిడ్డా. చేతులు నాయి, నోరు నీది. నువ్వు అను" అంది.

నాకు ఫిర్యాదులే వచ్చాయి. వేరేవి రావని ఆమెకూ తెలుసు. ఆమె చెవి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. నీలం చొక్కా. కంజీర. ఆగిన సాంచాలు. బల్ల కాలు కింద కాగితం. చెప్పులు విడిచే చోట కూర్చున్న ముసలామె. తనను ఇంతగా పొగిడిన మనిషికి ఊపిరి కూడా మిగల్చని దేవుడు. ఒక్కోదానికి ఆమె ఒక్కో బీడీ చుట్టింది. ఎన్ని చెప్పానో నేను లెక్కపెట్టలేదు, ఆమె వేళ్లు పెట్టాయి. ఒకచోట అవి ఆగిపోయాయి. చూపుడు వేలు, బొటనవేలు దారం పట్టుకున్నట్టు పట్టుకుని నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. కట్ట కట్టలేదు. నిజమైనది దొరికేదాకా కట్టదని నాకు తెలుసు.

చాలాసేపు పట్టింది. నర్సు వచ్చి పోయింది. రాజవ్వ చెయ్యి దించలేదు. "గోడ పక్కన రాజవ్వను ఇచ్చినవ్, స్తోత్రం" అన్నాను. ఆమె వేళ్లు రెండు చుట్లు తిరిగి, ముడి వేసి, దుప్పటి మీద వాలాయి.

మూడో రోజు పోయింది. కోరుట్ల పాస్టరు వచ్చాడు, మైకు తెచ్చాడు, చెప్పులు విడిచి లోపలికి కూడా వచ్చాడు. రాహేలమ్మగారు స్తుతిలో సంఘానికి మాదిరి అని అరగంట మాట్లాడాడు. ఆమె ఎక్కడ కూర్చునేదో చెప్పలేదు. నేను గుంత దగ్గర నిలబడి, ఆయన వినేటట్టు, ఆమెకు ఎరుకైన పద్ధతిలోనే చెప్పాను. తెగిన పోగు అతికేవాడి కోసం ప్రార్థించింది, స్తోత్రం. నాకెంత కోపం వచ్చినా అబద్ధం చెప్పమనలేదు, స్తోత్రం. నాకు గింతే ఎరుక.

మొదట చెప్పిన ఆ సోమవారం బస్సు దిగి నా చోటికి వెళ్లేసరికి పక్క మండలం నుంచి ఒకామె కూర్చుని ఉంది. భర్త పోయి ఏడాది అయిందట. ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరుగుతోంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను, ఎవరు ఏ మాట అన్నారో ఒక్కటి వదలకుండా రాశాను. కాగితం నిండింది. చేతికివ్వబోయి ఆగి, మీ ఆయనకు ఏ పని బాగా వచ్చు అని అడిగాను. ఆమె నా ముఖం వైపు వింతగా చూసింది. ఏడాదిగా ఎవరూ అడగని మాట అది.

"ఎడ్లు ఆయన కూత ఇంటే ఎంత దూరమున్నా అచ్చేటియక్కా" అంది.

దాన్ని రాయడానికి అర్జీలో చోటు లేదు. నేను కలం మూత పెట్టి విన్నాను. ఆమె ఇంకా చెప్పింది.

సిరిసిల్ల పాస్టరును నేను ఇంకా క్షమించలేదు. ఆ నీలం చొక్కా నా ఇరవై నాలుగు ఫిర్యాదుల్లోనే ఉంది, ఉంటుంది. అర్జీల ముందు కూర్చుంటే ఇరవై అయిదోది, ఆ ఒక్క స్తోత్రం, దొరకడానికి కొన్ని రోజులు సాయంత్రం దాకా పడుతుంది. దొరికేదాకా లేవను.