బొంత మడతల్లో అత్తిరసాలు

గుడియాత్తంలో మగ్గాల వీధులు అయిపోయి మట్టి ఇళ్లు మొదలయ్యే చోట పాపాతి కాపురం. భర్త కుప్పన్ పేర్ణాంబట్టులో తోళ్ల కార్ఖానాలో కూలి. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. పుట్టిన బిడ్డలిద్దరూ నెల తిరక్కుండానే పోయారు. ఆ తర్వాత పాపాతి పనిలో పడిపోయింది. చేతులు ఆగితే ఆ ఇద్దరూ గుర్తొస్తారని ఆపేది కాదు.

బొంతలు కుట్టడం తల్లి సెల్లమ్మ దగ్గర నేర్చింది. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, మగ్గాల ఇళ్లలో పారేసే లుంగీ ముక్కలు పైన అతికి, అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ రావాలి. మోకాళ్ల కింద బట్ట అణచిపట్టి వంగి కూర్చుంటే, లేచేటప్పుడు నడుము తనది కాదన్నట్టుండేది. మిషను మీద పువ్వుల కుట్టు మాత్రం వేలూరులో నేర్చింది. స్వతంత్రం వచ్చిన ఏడు అక్కడ పొన్నమ్మ టీచరు ఆడవాళ్లకు కుట్టుపని చెబుతుంటే, మూడు నెలలు చుట్టాలింట్లో ఉండి నేర్చుకొచ్చింది. చెక్క చట్రంలో బట్ట బిగించి, కాలితో మిషను తొక్కుతూ, రెండు చేతులతో చట్రాన్ని సూది కింద తిప్పుతుంటే మల్లెమొగ్గలు, చిలకలు లేచి వచ్చేవి. కళ్లు సరిగా కనిపించక పని మానుకున్న రోజున పొన్నమ్మ టీచరు తన మిషను పాపాతికే ఇచ్చేసింది.

మార్గళి నెల వచ్చిందంటే ఊపిరి తిప్పుకునే తీరిక ఉండేది కాదు. చలికి అందరికీ బొంతలు కావాలి. దిండు గలీబుల మీద పువ్వులు కావాలి. వీధిలో పండగలకి అరిసెల్లాంటి అత్తిరసాలు, మురుకులు చేయాలన్నా పాపాతే. బియ్యం నానబెట్టి, నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి, పాకం పట్టేసరికి భుజాలు దిగజారిపోయేవి.

పరదరామిలో భూములున్న శారదమ్మ ఇంటికి ఏటా రెండు బొంతలు పోయేవి. పెరటి వాకిట్లో దించాలి. శారదమ్మ వాటి మీద పసుపునీళ్లు చల్లి లోపలికి తీయించేది. పాపాతి చేతి తిండి మాత్రం ఆ ఇంటి గడప తొక్కేది కాదు. అడిగిన వాళ్లూ లేరు, ఇచ్చిన వాళ్లూ లేరు.

చిత్తూరు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది, పరదరామి మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ ఏడు చలికాలంలో శారదమ్మ కూతురు లక్ష్మీకాంతమ్మ, చిత్తూరు అవతల అత్తవారింటి నుంచి కాన్పుకు వచ్చింది. ఈసారి బొంత మీద కూతురి పేరు తెలుగులో కుట్టాలని శారదమ్మ కాగితం మీద రాసి పంపింది. తెలుగు పాపాతి ఇంట్లో మాటే. అక్షరం మాత్రం రాదు. కాగితం మిషను పక్కన పెట్టుకుని, ముగ్గు చూసి వేసినట్టు ఒక్కో వంకరా చూసి కుట్టింది.

కుట్టిన బొంత నెత్తిన పెట్టుకుని, కుప్పన్ కోసం చేసిన అత్తిరసాల్లో నాలుగు దారిలో తినడానికి కొంగున కట్టుకుని బస్సెక్కింది. పరదరామి చేరేసరికి ఆ ఇల్లు సద్దు లేకుండా ఉంది. కొట్టం దగ్గర పాలేరు చౌడప్ప ఎదురొచ్చాడు.

"బిడ్డ కండ్లు తెరవకనే పోయింది పాపాతీ. పన్నెండు దినాలయింది. అమ్మణ్ణి మెతుకు ముట్టడం లేదు" అన్నాడు.

పాపాతి వెనక్కి తిరిగిపోదామనుకుంది. అంతలోనే శారదమ్మ పెరట్లోకి వచ్చి బొంత విప్పించింది. పేరు చూసి మొహం మాడ్చుకుంది.

"నడిమి సున్న యాడ పోయింది? నా బిడ్డ పేరు లక్ష్మీకాతమ్మా?"

"సిరా చుక్క అనుకుంటినమ్మా. కాగితం మింద సిరా పడిందేమోనని వదిలేస్తిని."

వెనక గదిలోంచి నవ్వు వినిపించింది. చిన్నదే. ఆ వెంటనే దగ్గు. లక్ష్మీకాంతమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి పెరటి గడప మీద కూర్చుంది. జుట్టు చిక్కులు పడి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బొంతను దగ్గరికి లాక్కుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"కుట్టు ఇప్పొద్దు. అట్లే ఉండనీ" అంది తల్లితో. తర్వాత పాపాతి వైపు చూసి, "నీ కొంగులో ఏముండాది? బెల్లం వాసనొస్తా ఉండాది" అని అడిగింది.

"అత్తిరసాలమ్మణ్ణీ. నేను తినేదానికి తెచ్చుకుంటి."

"ఒకటి ఇయ్యి."

పాపాతి శారదమ్మ మొహం చూసింది. శారదమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. పాపాతి కొంగు ముడి విప్పుతూ మెల్లగా చెప్పింది. "నాకూ ఇద్దరు పోయినారమ్మణ్ణీ. మాయమ్మ ఇవే చేసి నోట్లో పెట్టింది. మొదట మింగుడు పడలేదు. మూడో దినం పడింది."

లక్ష్మీకాంతమ్మ ఆమె చేతిలోంచే తీసుకుని కొరికింది. నమిలింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నములుతూనే ఉంది. శారదమ్మ కాసేపు కూతురి నోటి వంకే చూసి, ఉన్నట్టుండి కొట్టం వైపు తిరిగింది. "చౌడప్పా, ఎద్దులు తోలుకోని బావి కాడికి పో" అని కేకేసింది.

పాపాతి బయల్దేరుతుంటే శారదమ్మ వెంట వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "బొంత తీసకపో. ఎవరన్నా అడిగితే సున్న కుట్టాలని చెప్పు. రెండు దినాలకొకసారి రా. అవి మడతల్లో పెట్టుకోని రా. ఎవురి కంటా పడగూడదు."

అట్లా నెల రోజులు ఆ బొంత గుడియాత్తానికీ పరదరామికీ తిరిగింది. ఆకులో చుట్టిన అత్తిరసాలు మడతల్లో వెచ్చగా పోయేవి. పొద్దున దంచడం, మధ్యాహ్నం మిషను, మర్నాడు బస్సు. నూనె పొగకి కళ్లు మండేవి. బస్సులో కూర్చుంటే చాలు, తల వాలిపోయేది. ఒకసారి దిగాల్సిన చోటు దాటిపోయి రెండు మైళ్లు వెనక్కి నడిచింది.

"ఆ సున్న ఇంకా కుట్టలేదా నువ్వు?" అని కుప్పన్ ఎగతాళి చేశాడు.

"కుడతా, ఇప్పతా ఉండాను."

"వాళ్ల బిడ్డ బతకాల, సరే. నువ్వు బతకొద్దా?"

పాపాతి పిండి జల్లిస్తూ ఉండిపోయింది.

లక్ష్మీకాంతమ్మ అన్నం తినసాగింది. వాకిట్లో నాలుగడుగులు నడిచింది. మరికొన్నాళ్లకి అత్తవారింటికి వెళ్లిపోయింది. సున్న లేని ఆ బొంతే తీసుకుపోయిందని చౌడప్ప చెప్పాడు.

మళ్లీ మార్గళి వచ్చింది. రెండు బొంతలు కావాలని శారదమ్మ చౌడప్ప చేత కబురు పంపింది. "పెరట్లో దించి పొమ్మనింది. తిండి ఏమీ తేవద్దనింది" అని నేల చూస్తూ చెప్పాడతను.

"కుట్టే ఓపిక లేదని చెప్పు చౌడప్పా."

"కోపమా?"

"కోపానికి గూడా ఓపిక కావాల గదప్పా."

ఆ ఏడు నుంచి పరదరామికి బొంతలు పోలేదు. కుప్పన్‌కి దగ్గు పట్టుకుని కార్ఖానా పని మానేశాడు. ఇంటి బరువంతా మిషను మీద పడింది. రాష్ట్రాల హద్దులు మళ్లీ మారుతున్నాయని బజారులో జనం వాదించుకుంటుంటే, పాపాతి దారం చుట్టలు కొనుక్కుని వాళ్ల పక్కనుంచే వచ్చేసేది.

మరో రెండేళ్లకి ఒక చలికాలం మధ్యాహ్నం లక్ష్మీకాంతమ్మ ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో ఏడాది పాప. తలవంచి లోపలికి వచ్చి, కింద కూర్చుంది. పాపాతి తెల్లారగట్ల నుంచి ఎవరి పెళ్లికో మురుకులు కాల్చి అప్పుడే పంపించింది. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

"ఏమీ లేదమ్మణ్ణీ. సంగటి, ఉలవచారు ఉండాయంతే."

"ఆకలిగా ఉండాది. పెట్టక్కా."

అక్కా అన్న మాట విని కూడా పాపాతి మొహంలో ఏమీ కదల్లేదు. అంత అలసట. సత్తు తట్టలో సంగటి పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది. లక్ష్మీకాంతమ్మ తింటూ చిత్తూరు సంగతులు, పాప కాన్పు సంగతులు చెబుతోంది. వింటూ వింటూనే పాపాతి నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి పాప తన పక్కన బొంత మీద పడుకుని ఉంది. లక్ష్మీకాంతమ్మ దొడ్లో కూర్చుని తాను తిన్న తట్ట బూడిదతో తోముతోంది.

"అయ్యో, నువ్వు కడగడమేంది?"

"నిద్రపోక్కా. నా బస్సు నాలుగు గంటలకి."

పాపాతి లేవాలనుకుంది. కాళ్లు రాలేదు. పక్కన పసిబిడ్డ ఒళ్లు వెచ్చగా తగులుతుంటే మళ్లీ కళ్లు మూసుకుంది.