అక్క పెట్టిన పోలెలు, ఆకాశంల పరీక్ష

మొన్న ఆకాశంల నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్త, ఇనుండ్రి. పరీక్ష పాసైన. గది ముందే చెప్తున్న, పరేషాన్ గాకుండ్రి. కానీ ఎట్ల పాసైన్నో మాత్రం మా బాపు చెవిన పడనియ్యకుండ్రి. ఆయన మెట్‌పల్లిల మగ్గం ముందట కూసొని, వచ్చినోళ్లందరికి "మావోడు పంతులైతుండు! బడిపంతులు గాదు, విమానం నడుపుడు నేర్పే పంతులు!" అని చెప్పుకుంటుండు.

విమానం నడుపుడు నాకొస్తది. లైసెన్స్ గూడ ఉన్నది. నేర్పుడే వేరే విద్య. మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ హమీద్ సాబ్ వెనుక సీట్ల ఏమీ రాని విద్యార్థి లెక్క కూసుంటడు. ముందల సీట్ల నేను పంతులును. ఇంజన్ మోతల మాట ఇనపడదు గనుక ఇద్దరి నడుమ ఒక రబ్బరు గొట్టం. నేను నోరు మూయకుండ గొట్టంల పాఠం చెప్పాలె. ఆయన కావాలని తప్పులు చేస్తడు, నేను దిద్దాలె. గదే పరీక్ష.

మొదటిసారి ఫెయిలైన. ఎడమకు తిప్పుమంటే కుడికి తిప్పిండు. మళ్ల చెప్పిన. మళ్ల కుడికే! నాకు తిక్క లేసింది. "కండ్లు కనపడ్తలేవా? నీకు సీటు ఎవడిచ్చిండయ్యా!" అని గొట్టంల ఒర్రిన. ఆయన విద్యార్థి గాదు, పరీక్ష పెట్టేటాయన అన్న సంగతే మర్చిపోయిన. కిందికి దిగినంక సాబ్ చెవులు తుడుచుకొని నిమ్మళంగ అన్నడు: "సీటు సర్కార్ ఇచ్చింది మియా. పో, జర ఓపిక నేర్చుకొని రా."

మా విమానాల బడిల ఖాళీ ఉన్నది ఒక్క కొలువు. రెండోసారి గూడ తప్పితే అది ఇంకొకనికి పోతది. బాపు మొఖం ఎట్ల చూడాలె? అందుకే ఒట్టు పెట్టుకున్న. ఆకాశం ఇరిగి మీద పడ్డా సరే, నాకు కోపం రావద్దు.

ఈసారి పరీక్ష హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ పోయి వచ్చుడు. వచ్చేటప్పుడు పాఠం చెప్పాలె. ఆదిలాబాద్‌ల నిజాం కాలం నాటి విమానాల మైదానం ఉన్నది గదా, దానికి దగ్గరనే మా అక్క ఇల్లు. బావ పత్తి మిల్లుల చేస్తడు. నేను ముందుగాలనే కబురు పంపిన: "అక్కా, సాబ్‌ను మంచిగ అర్సుకో. నా కొలువు నీ చేతులనే ఉన్నది."

తప్పంతా గా మాటతోని వచ్చింది.

అక్క కోడికూర వండింది, జొన్నరొట్టెలు చేసింది, నేతిల ముంచి బెల్లం పూర్ణం పోలెలు పెట్టింది. సాబ్ చాలంటే ఇంకోటి, ఇస్తరి మీద చేతులు అడ్డం పెడితే చేతుల సందుల నుంచి ఇంకోటి!

"బస్, బెహెన్, బస్! పాణం పోతది!"

"ఒక్కటే సాబ్. మా తమ్ముని పేరు మీద. వద్దంటే మా మనసు నొస్తది."

తమ్ముని పేరు మీద, బావ పేరు మీద, ఊర్ల మా అవ్వ పేరు మీద... మా ఖాందాన్ అంతా సాబ్ కడుపులకు పోయింది. బావ దగ్గరుండి చల్ల గూడ తాగించిండు. సాబ్ విమానం ఎక్కుతుంటే రెక్క పట్టుకొని రెండుసార్లు ఊపిరి తీసుకున్నడు. నాకు లోపట సంబురం. కడుపు నిండినోడు మంచి మార్కులు ఎయ్యకుంట ఎటు పోతడు!

చలికాలం ఎండ. గాలి అసలే లేదు. నిర్మల్ గుట్టలు దాటినం. గోదారి ఇసుక తెల్లగ కనపడుతుంటె పాఠం మొదలువెట్టిన. గొంతుల తేనె పోసుకొని, "చూడు బాబూ, ఇగ విమానం నీ చేతిల పెడుతున్న. యూ హ్యావ్ కంట్రోల్" అన్న. నేను ముట్టుకుంటలేనని తెలువాలె గదా, రెండు చేతులు పైకి లేపి చూపెట్టిన. మామూలుగ విద్యార్థి 'ఐ హ్యావ్ కంట్రోల్' అని తిరిగి చెప్పాలె. గొట్టంల "హూఁ" అని మాత్రం వచ్చింది. ఓహో, ఇయ్యాల సాబ్ బద్ధకస్తుని వేషం కట్టిండు అనుకున్న.

"ఎడమకు తిప్పు బాబూ." తిప్పలే. "ఫికర్ లేదు, ఇంకోసారి చెప్త. స్టిక్ ఎడమకు, కాలు ఎడమకు." తిప్పలే. నాకు పండ్లు కొరుక్కోవాలని ఉన్నది. కొరుక్కోలే! "తొందర లేదు బాబూ. నిమ్మళంగ." చంటిపోరనికి బువ్వ తినిపించినట్టు చెప్పిందే చెప్పిన. కొద్దిసేపటికి విమానం మెల్లగ ఎడమకు ఒరిగింది!

"శభాష్! గదీ!"

ముక్కు జర కిందికి వంగింది. "ముక్కు లేపు బాబూ" అన్న. లేచింది! "వారెవ్వా! ఏం చెయ్యి, ఎంత మెత్తటి చెయ్యి! నా దగ్గర నేర్చుకున్నోళ్లల్ల నీ అంతటోడు లేడు!" అన్న. అప్పటిదాక నా దగ్గర నేర్చుకున్నోడే లేడు, అది వేరే సంగతి.

గప్పుడు ఇనపడ్డది. గుర్ర్... గుర్ర్... ఆగి ఆగి వస్తున్నది. ఇంజన్ ఖరాబైంది! కింద గోదారి ఇసుక తప్ప దిగెటందుకు జాగ లేదు. మెల్లగ థ్రాటిల్ తగ్గించి చూసిన. ఇంజన్ మోత పడిపోయింది.

గుర్ర్ మాత్రం పడిపోలే. గొట్టంల నుంచి నా చెవులకే వస్తున్నది!

సాబ్ గుర్రు పెడుతుండు.

పైలట్ ఉరుముకైనా లేవడు గనీ, ఇంజన్ సప్పుడు ఆగితే చచ్చినట్టు లేస్తడు. లేచిండు. "ఐ హ్యావ్ కంట్రోల్!" అని స్టిక్ గుంజుకున్నడు. "క్యా హువా? ఇంజన్ ఎందుకు తగ్గించినవ్?"

మీ గురక ఇని అని ఎట్ల చెప్పాలె? "ఫోర్స్‌డ్ లాండింగ్ పాఠం సాబ్! ఇంజన్ ఆగితే విద్యార్థి ఏం చేస్తడో చూస్తున్న!"

"హాఁ... అచ్ఛా" అన్నడు.

హైదరాబాద్‌ల దిగినంక సాబ్ టోపీ తీసి, నా భుజం మీద చెయ్యేసిండు. "మియా, అబద్ధం చెప్ప. నేను నిద్రపోయిన. ఇన్నేండ్ల నౌకరీల ఇంకొకడు నడిపే జహాజ్‌ల నాకు కన్ను మూతపడలే. పాణం గుప్పిట్ల పెట్టుకొని కూసున్న. ఇయ్యాల నీ చేతిల ఉన్నదన్న భరోసాతోని పండుకున్న. పంతులుకు ఇంతకన్న ఏం కావాలె? పాస్!"

"సాబ్, గప్పుడు నా చేతిల..." అని నోరు తెరిచిన. మగ్గం ముందట బాపు యాదికొచ్చిండు. నోరు మూసుకున్న.

ఆయన నన్ను నమ్మి పండుకున్నడు. నేను ఆయనను నమ్మి రెండు చేతులు లేపి కూసున్న. స్టిక్ ఎవ్వని చేతిల లేకుండె. ఆయన నన్ను మెచ్చుకున్నడు, నేను ఆయనను మెచ్చుకున్న. సాబ్ పోయినంక, చుట్టుముట్టు ఎవ్వరు లేరని చూసుకొని, విమానం ముక్కు మీద చెయ్యి పెట్టి "దండం పంతులుగారూ" అన్న.