జింక్ నిండుకున్నది

ఇన్నేండ్లు గొంతుల ముల్లు లెక్క మోసిన. మీకు చెప్తున్న, నేనెవరో మీకు తెల్వదు గనుక. ఒక నర్సు నౌకరీ తీసిన మనిషిని నేను. అదీ నోరు మూసుకొని.

పటాన్‌చెరు దగ్గర ఒక ఆస్పత్రిల మందుల స్టోరు చూస్త. పెరిగింది సంగారెడ్డిల, మా కిరాణా దుకాణంల. ఇంట్ల బియ్యం అయిపోతే 'లేవు' అనొద్దు, అశుభం. 'నిండుకున్నయి' అనాలె. బేరాలు గూడ అక్కడ్నే నేర్చిన.

అప్పట్ల జింక్ ఇంజెక్షన్లు దొరుకుత లేవు. తినగలిగెటోళ్లకు గోళీలిద్దాం, ఉన్న సీసాలు నరంల నుంచి ఎక్కించే తిండితోనే బతికెటోళ్లకు దాచమన్నడు డాక్టర్ సారు. అసొంటోడు ఒక్కడే ఉండె. చిట్కుల్‌ల కిరాయికుండే ఫ్యాక్టరీ పిలగాడు, పేగు చాలామటుకు తీసేసిన్రు. నేనేం చేసిన? ఆ సీసాలు ఇంకో ఆస్పత్రికిచ్చి, మాకు దొరకని యాంటీబయాటిక్ పట్టుకొచ్చిన. కొత్త జింక్ జల్దీ వస్తదనుకున్న. ఏం తెలివి నాది!

రాలే. వార్డు నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. కేరళ పిల్ల, తెలుగు ఇక్కడే నేర్చింది.

"అన్నా, జింక్ ఉన్నదా? లేకుంటే సార్ హైదరాబాద్ నుంచి తెప్పిస్తరంట."

"నిండుకున్నదమ్మా."

"ఫుల్లా? మంచిదన్నా!" అని, ఫోన్ పట్టుకొనే అటు తిరిగి, "ఫుల్ ఉంది సార్" అన్నది.

విన్న. కాదమ్మా, అయిపోయిందని ఒక్క మాట అనొచ్చు. అంటే, సీసాలు ఏమైనయని అడుగుతరు. భయమా? కాదు. రేపు సరుకొస్తే ఎవరికీ తెల్వదనే దుకాణపు తెలివి. రోజూ జింక్ లేని తిండి బ్యాగు నా చేతులతోనే కలిపి పంపిన. పిలగాని మూతి చుట్టూ పుండ్లు లేచినయి, తోలు ఊడింది, వెంట్రుకలు దిండుకు అంటినయి. నీళ్లతోని పెదాలు తడిపినా ఏడ్సిండు. జింక్ లేకనే అని నాకు తెల్సు. అయినా కలిపిన.

ఆఖరికి సారు పసిగట్టిండు. "నిండుకున్నదనే చెప్పిన సార్" అన్న. ఆయన ఆమె మీద లేసిండు. "నిండుకున్నదంటే అయిపోయిందని! తెల్వకుంటే అడగాలె గదా!" సీసాలు ఎటు పోయినయని నన్నెవరూ అడుగలే.

ఆమె నా దిక్కు సూసింది. "అన్నా, ఫుల్లా అని అడిగిన గదా?"

"అప్పటికే లైన్ కట్టయిందమ్మా."

జింక్ తెప్పిచ్చిన్రు, పిలగాని పుండ్లు మానినయి. ఆమెను తీసేసిన్రు. పాపం, భాష రాక గట్లయిందని నలుగురి ముందట జాలి గూడ పడ్డ. థూ! ఏం పుట్టుక నాది? ఆమెకు నా మాట తెల్వలే, నిజమే. నాకు ఆమె మాట మంచిగ తెల్సింది.

లైన్ కట్ కాలే.